ఇరుకు స్థలాల్లో తోట షెడ్డు

తోట షెడ్డు అంటే ఇంటి పెరట్లోనో తోట మూలనో విడిగా నిలిచే చిన్న కట్టడం. పార, గడ్డపార, నీటి గొట్టాలు, కుండీలు, ఎరువు సంచులు, గడ్డి కోసే మిషను, సైకిళ్లు వానకు తడవకుండా, ఇంట్లో అడ్డం రాకుండా ఉండేది ఇందులోనే. బ్రిటన్‌లో తోట ఉన్న ఇళ్లలో ఇది సర్వసాధారణం. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఉత్తర ఐరోపా దేశాల్లోనూ విస్తృతంగా కనిపిస్తుంది. తెలుగు పల్లెల్లో పెరటి కొట్టం, కట్టెల పాక చాలావరకు ఇదే అవసరం తీర్చాయి.

నలుచదరంగా, మట్టంగా, విశాలంగా ఉన్న స్థలంలో షెడ్డు పెట్టుకోవడం తేలిక. ఇంటి పక్క సందు, ముక్కోణపు మూల, ఏటవాలు నేల, చెట్టు కింది చోటు వంటివి మాత్రమే మిగిలినప్పుడు ఆలోచన అవసరమవుతుంది. తలుపు తెరవడానికి, వాన నీరు జారిపోవడానికి, వెనక గోడకు రంగు వేయడానికి, మురుగు కాలువ మూత తీయడానికి కావలసిన జాగా కూడా షెడ్డు కొలతలో భాగమే. ఇరుకు చోట కట్టిన షెడ్డు పదికాలాలు నిలవాలంటే ముందుగా లెక్క వేయాల్సింది ఈ ఖాళీనే.

చరిత్ర

బ్రిటన్‌లో ఇరుకు పెరడు 19వ శతాబ్దపు పట్టణ నిర్మాణం నుంచి వచ్చింది. పారిశ్రామిక నగరాల్లో కార్మికుల కోసం గోడకు గోడ కలిపి వరుస ఇళ్లు కట్టారు. చాలా ఇళ్లలో వంటగది వెనక్కి పొడుచుకు వచ్చి, దాని పక్కన సన్నని సందు మిగిలేది. పెరడు కూడా ఇంటి వెడల్పుకే పరిమితం. నేటికీ లక్షలాది కుటుంబాలు ఆ ఇళ్లలోనే ఉంటున్నాయి.

సొంత పెరడు లేనివారికి స్థానిక సంస్థలు కూరగాయలు పండించుకునే మడులను అద్దెకు ఇచ్చేవి. 1908 నాటి చిన్న కమతాల, మడుల చట్టం ఈ బాధ్యతను స్థానిక సంస్థల మీద స్థిరపరచింది. సంప్రదాయంగా ఒక్కో మడి సుమారు 250 చదరపు మీటర్లు. పనిముట్లు రోజూ ఇంటి నుంచి మోసుకురాలేక, మడిదారులు పాత తలుపులు, కిటికీలు, పెట్టె చెక్కలతో అక్కడే షెడ్లు వేసుకున్నారు. దొరికిన సామానుతో, ఉన్న చోటుకు తగ్గట్టు కట్టుకునే సంప్రదాయం ఆ మడుల్లో బలపడింది.

ముడతల ఇనుప రేకు దీనికి తోడైంది. లండన్ రేవు కంపెనీలో పనిచేసిన ఇంజినీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ఈ రేకుకు పేటెంటు పొందాడు. ముడతల వల్ల పల్చని ఇనుముకు కూడా బిగువు వస్తుంది. అందువల్ల తక్కువ ఆధారాల మీద ఎక్కువ దూరం కప్పు వేయవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం బ్రిటిష్ పెరళ్లలోకి మరో కట్టడాన్ని తెచ్చింది. బాంబు దాడుల నుంచి రక్షణ కోసం 1939 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వం ఆండర్సన్ షెల్టర్లను పంచింది. ముడతల ఉక్కు రేకులను బోల్టులతో బిగించి, నేలలో సుమారు 4 అడుగుల లోతుకు దించి, పైన మట్టి కప్పేవారు. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు నాలుగున్నర, ఎత్తు 6 అడుగులు. ఆ జాగాలో ఆరుగురు తల దాచుకోవాలి. యుద్ధం ముగిశాక చాలామంది వీటిని తవ్వి తీసి, నేల మీద నిలబెట్టి, తోట షెడ్లుగా వాడుకున్నారు. కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఫ్యాక్టరీలో గోడలు తయారుచేసి, ఇంటి దగ్గర బిగించుకునేలా అమ్మే చెక్క షెడ్లు మార్కెట్లో స్థిరపడ్డాయి.

ఇబ్బందికరమైన స్థలాలు

పక్క సందు. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఉండే సన్నని దారి. దాని వెడల్పు మీటరు నుంచి మీటరున్నర వరకే ఉంటే, షెడ్డు పెట్టాక మనిషి నడిచే దారి మిగలదు. చెత్తడబ్బా, సైకిలు బయటికి తీసుకెళ్లే దారి కూడా ఇదే అయితే సమస్య పెరుగుతుంది. గ్యాసు మీటరు, బాయిలరు పొగ గొట్టం, గోడ అడుగున గాలి రంధ్రాలు తరచూ ఈ వైపే ఉంటాయి. వాటిని మూసివేయడం ప్రమాదకరం.

కోణం తప్పిన మూల. రెండు హద్దులు లంబకోణంలో కలవని చోటు. ఇక్కడ నలుచదరపు షెడ్డు పెడితే వెనక ముక్కోణపు ఖాళీ మిగిలి, ఆకులు పేరుకుని, తేమ నిలిచి, చెక్క కుళ్లిపోతుంది.

ఏటవాలు నేల. ఒక చివర షెడ్డు నేలకు ఆనితే, మరో చివర గాలిలో ఉంటుంది. నేలను చదును చేయబోతే మట్టి జారకుండా అడ్డుగోడ కట్టాలి.

చెట్టు కింద. వేర్లు తెగితే చెట్టుకు నష్టం. వేర్లు పెరిగితే నేల పైకి లేచి పునాది పగులుతుంది. రాలిన ఆకులు కప్పు మీద తడిని పట్టి ఉంచుతాయి.

ఎత్తు పరిమితమైన చోటు. పైన కిటికీ ఉన్నా, పొరుగింటి వెలుతురు ఆగిపోయేలా ఉన్నా షెడ్డు ఎత్తు తగ్గించక తప్పదు.

కాలువ మూతలున్న నేల. మురుగు పైపు శుభ్రం చేసే మూత మీద షెడ్డు కడితే, పైపు పూడుకున్న రోజున నేల పగలగొట్టాల్సి వస్తుంది.

కొలత

వంకర స్థలాన్ని ఒక్క పొడవు, ఒక్క వెడల్పుతో చెప్పలేం. వెడల్పును ముందు, మధ్య, వెనక మూడు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నేల దగ్గర, నడుము ఎత్తున, చూరు ఎత్తున విడివిడిగా కొలవాలి. పాత గోడలు బయటికి వాలి ఉంటాయి. కంచె గుంజలు, కొళాయి పైపులు, కిటికీ గట్లు నేల మీద కొలిచేటప్పుడు కనపడవు.

మూల లంబంగా ఉందో లేదో తెలుసుకోవడానికి తాపీ మేస్త్రీలు వాడే 3-4-5 లెక్క చాలు. మూల నుంచి ఒక గోడ వెంట 90 సెంటీమీటర్ల దగ్గర, రెండో గోడ వెంట 120 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 150 ఉంటే అది మూలమట్టానికి సరిపోయే మూల. 150 కంటే ఎక్కువైతే మూల విచ్చుకుని ఉంది, తక్కువైతే ముడుచుకుని ఉంది. నేల వాటం తెలుసుకోవడానికి పొడవాటి తిన్నని కర్ర మీద రసమట్టం ఉంచి, కర్రను సమంగా పట్టి, పల్లం వైపు చివర కింద మిగిలిన ఎత్తును కొలవాలి.

తర్వాతి కొలత లోపల పెట్టే వస్తువులది. పెద్దల సైకిలు పొడవు సుమారు 1.8 మీటర్లు, హ్యాండిలు వెడల్పు 60 నుంచి 75 సెంటీమీటర్లు. పొడుగు పిడి దంతె నిలబెట్టాలంటే 1.8 మీటర్ల ఎత్తు కావాలి. ఒంటి చక్రం బండిని నిలువుగా ఆనిస్తే నేల చాలావరకు ఆదా అవుతుంది. ఉన్న వస్తువులన్నీ ఖాళీ నేల మీద పేర్చి చూస్తే, ఎంత షెడ్డు కావాలో కాగితం లెక్క కంటే స్పష్టంగా తెలుస్తుంది.

మూడో కొలత షెడ్డు వచ్చే దారిది. వరుస ఇళ్లలో పెరటికి వేరే దారి ఉండదు. 2.4 మీటర్ల గోడ పలక ముందు గుమ్మం దాటి, నడవలో మలుపు తిరిగి, వంటగదిలోంచి పోవాలి. స్థలంలో సరిగ్గా పట్టే షెడ్డు ఆ మలుపు దగ్గర ఆగిపోవచ్చు. అలాంటప్పుడు చిన్న పలకలుగా వచ్చే షెడ్డు ఎంచుకోవాలి, లేదా విడి చెక్కలు తెచ్చి అక్కడే కట్టాలి.

చివరగా చుట్టూ ఖాళీ. గోడకు మందు పూయడానికి, ఆకులు ఊడ్వడానికి మనిషి దూరేంత, అంటే 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉండడం మేలు. అంత వీలుకాకపోతే గాలి ఆడేలా కనీసం 10 సెంటీమీటర్లు వదిలి, చేయి చేరని గోడను తర్వాత చూసుకోవాల్సిన పని లేకుండా ముందే పకడ్బందీగా తయారుచేయాలి.

షెడ్ల రకాలు, వాటికి తగిన చోట్లు

రెండు వాలుల షెడ్డు. మధ్యలో కొప్పు, రెండు వైపులా చూరు. తలుపు సాధారణంగా పొట్టి గోడకు ఉంటుంది. మధ్యలో తల ఎత్తుకు సరిపోతుంది, పక్కల వంగాలి. వాన నీరు రెండు వైపులా పడుతుంది కనుక, రెండు చూర్ల కిందా జాగా కావాలి. తోట చివర, దారికి ఎదురుగా నిలబెట్టడానికి ఇది తగినది. తలుపు పొడుగు గోడకు ఉండే రకం లోతు తక్కువ ఉన్న చోట్లకు సరిపోతుంది.

ఒంటి వాలు షెడ్డు. కప్పు ఒకే వైపు వాలుతుంది. వెనక ఎత్తు తక్కువ గోడను కంచె వైపు పెడితే పొరుగువారికి తక్కువగా కనిపిస్తుంది. అయితే నీరంతా అటే పోతుంది. కాబట్టి తూము పెట్టి నీటిని మన హద్దులోకే మళ్లించి, తొట్టిలో పట్టుకోవాలి. ఇరుకు చోట్లకు ఎక్కువగా నప్పేది ఇదే.

గోడవార షెడ్డు. ఇంటి గోడను ఆనుకుని ఉంటుంది. లోతు 60 నుంచి 90 సెంటీమీటర్లే ఉన్నా, పొడుగ్గా సాగుతుంది. గోడకు మేకులు కొట్టి బిగించకుండా, సొంత వెనక గోడతో, కొద్ది ఎడంగా నిలబెట్టడం మంచిది. ఇంటి గోడలో నేల నుంచి తేమ ఎక్కకుండా వేసే పొరకు పైన మట్టి గానీ పునాది గానీ తగిలితే ఇంట్లోకి చెమ్మ వస్తుంది.

మూల షెడ్డు. ఐదు పక్కలుంటాయి. రెండు గోడలు మూలకు ఆనుతాయి, ముందు మూలను ఏటవాలుగా కోసి అక్కడ తలుపు పెడతారు. 2.1 మీటర్ల చదరం నుంచి ముందు మూలలో 90 సెంటీమీటర్ల చొప్పున కోస్తే, తలుపు ఉండే ముఖం సుమారు 1.27 మీటర్లు వస్తుంది. నేల విస్తీర్ణం 4 చదరపు మీటర్ల చిల్లర మిగులుతుంది. అంటే కోసిన ముక్క చిన్నదే, దారికి కలిసి వచ్చిన వెసులుబాటు పెద్దది. కొన్న మూల షెడ్లు లంబకోణపు మూలలకే సరిపోతాయి.

పెట్టె షెడ్డు. మనిషి లోపలికి వెళ్లడు. తలుపులన్నీ తెరిచి బయట నిలబడే వస్తువు తీసుకుంటాడు. లోపల నడిచే దారి అక్కరలేదు కనుక ప్రతి అంగుళం సామానుకే దక్కుతుంది. కిటికీ కిందికీ, సందులోకీ ఇదే సరైనది.

ఒక సందునే ఉదాహరణగా చూద్దాం. వెడల్పు 1.2 మీటర్లు, ఒక చివర మూసి ఉంది. 75 సెంటీమీటర్ల లోతున్న షెడ్డును గోడ వెంట పెడితే 45 సెంటీమీటర్ల దారే మిగిలి, ఆ సందు దేనికీ పనికిరాదు. దానికి బదులు మూసిన చివరలో సందు వెడల్పంతా పట్టే షెడ్డును, తలుపు దారి వైపు ఉండేలా పెడితే నడక దెబ్బతినదు. రెండు వైపులా 10 సెంటీమీటర్లు వదిలితే బయటి వెడల్పు మీటరు, గోడల మందం పోగా లోపల సుమారు 85 సెంటీమీటర్లు. షెడ్డు పొడవు సైకిలు పొడవును దాటితే, రెండు సైకిళ్లు ఒకదాని పక్కన ఒకటి తల మార్చి పెట్టడానికి ఆ వెడల్పు సరిపోతుంది.

కొనడం, మార్చడం, కట్టడం

బ్రిటన్ మార్కెట్లో షెడ్లు అడుగుల లెక్కన అమ్ముతారు. 6×4, 7×5, 8×6, 10×8 సర్వసాధారణమైన కొలతలు. ఈ అంకెలు గుండ్రం చేసినవి. కప్పు అంచు గోడ కంటే బయటికి వస్తుంది, లోపలి వెడల్పు గోడల మందం మేర తగ్గుతుంది. కాబట్టి పునాది కొలత, కప్పు కొలత, లోపలి కొలత మూడూ విడివిడిగా అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి.

స్థలం ఏదైనా ప్రామాణిక కొలతకు దగ్గరగా ఉంటే కొనడమే చౌక. కొద్ది సెంటీమీటర్ల తేడా ఉంటే, గోడ పలకను అడ్డకర్ర దగ్గర కోసి పొట్టి చేయవచ్చు. కప్పును కూడా ఆ మేరకు కోయాలి కనుక ఒంటి వాలు షెడ్డులో ఈ మార్పు తేలిక, రెండు వాలులదానిలో కష్టం. కొలతలు ఇస్తే తయారుచేసి ఇచ్చే వడ్రంగి సంస్థలూ ఉన్నాయి. మూల విచ్చుకుని ఉన్నా, నేల వాలుగా ఉన్నా, ఎత్తు పరిమితంగా ఉన్నా సొంతంగా కట్టుకోవడమో, కట్టించుకోవడమో మిగిలిన మార్గం. ప్లాస్టిక్, లోహపు షెడ్లు కుళ్లవు, నిర్వహణ తక్కువ. కానీ కొలత మార్చడానికి లొంగవు. లోహపు షెడ్డులో చలికాలం లోపలి గాలి తేమ రేకుకు పట్టి చుక్కలుగా కారుతుంది.

పునాది

షెడ్లు చెడేది ఎక్కువగా అడుగు నుంచే. పునాది మట్టంగా లేకపోతే చట్రం మెలికపడి తలుపు బిగుసుకుంటుంది. చెక్క నేలకు తగిలితే తేమ లాగుతుంది.

చదునైన చోట గట్టిపరచిన కంకర మీద 75 నుంచి 100 మిల్లీమీటర్ల కాంక్రీటు వేస్తారు. పునాది షెడ్డు కంటే వెడల్పుగా ఉండకూడదు. బయటికి వచ్చిన అంచు మీద వాన నీరు పడి చిమ్మి, అడుగు చెక్కను రోజూ తడుపుతుంది. చిన్న షెడ్డుకు ఇసుక, సిమెంటు పరుపు మీద రాతి పలకలు పేర్చినా చాలు. కంకర నింపే ప్లాస్టిక్ జాలీ పలకలు నీటిని కిందికి పోనిస్తాయి, మనిషి చేతులతో మోసుకురావచ్చు.

ఏటవాలు నేలలో నేలను కోయకుండా, పల్లం వైపు పొడుగు గుంజలు నాటి చట్రాన్ని మట్టం చేయడం ఒక పద్ధతి. భూమిలోకి తిప్పి దించే ఉక్కు మరలు మరో పద్ధతి. ఒక్కో మరను విడిగా ఎత్తు సరిచేయవచ్చు, తవ్విన మట్టి మోసే పని ఉండదు. చెట్టు కింద కూడా ఇవే మేలు. పెద్ద వేరు తగిలితే మరను పక్కకు జరపవచ్చు, వేళ్లకు గాలీ నీరూ అందుతాయి. కాంక్రీటు పలక ఆ రెండిటినీ ఆపేస్తుంది.

గోడలు, కప్పు

చట్రానికి 38×63 మిల్లీమీటర్ల కర్రలు చాలామంది వాడతారు. నిలువు కర్రల మధ్య 40 నుంచి 60 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. చౌక షెడ్లలో పలకలు ఒకదాని మీద ఒకటి అంచు ఎక్కి ఉంటాయి. మెరుగైన రకంలో పలక నాలుక పక్క పలక గాడిలో దిగుతుంది, గాలి వానకు ఇదే గట్టిది. చెక్క తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది కనుక పలకల మధ్య కొద్ది సందు ఉంచాలి.

ఇరుకు చోట కట్టడంలో కీలకం పని వరస. కంచెకు ఆనే వెనక గోడను నిలబెట్టాక దాని బయటి వైపు సుత్తి ఆడదు, కుంచె చేరదు. అందువల్ల ఆ గోడను నేల మీద పడుకోబెట్టి తేమ ఆపే కాగితం పరిచి, దాని మీద పలకలు కొట్టి, రెండు పూతలు మందు వేసి, ఆరాక లేపాలి. మొదట వెనక గోడ, తర్వాత పక్క గోడలు, చివర ముందు గోడ. వెనక గోడకు వాడేది ఒత్తిడితో మందు పట్టించిన చెక్క అయితే తర్వాత చింత ఉండదు.

కోణం తప్పిన మూలలో గోడలను హద్దుల వెంటే నడిపించాలి. కానీ ముందు గోడ, తలుపు చట్రం, కప్పు వాలు మాత్రం లంబంగా, మట్టంగా ఉండాలి. వంకరంతా పలకల కోతలో సర్దుకుంటే తలుపు సాఫీగా పడుతుంది. అట్టతో నేల ఆకారం కత్తిరించి, స్థలంలో పరిచి చూసి, ఆ తర్వాతే చెక్క కోయడం తెలివైన పని.

కప్పుకు చెక్క పలక మీద తారు కాగితం సంప్రదాయమైనది. కొన్నేళ్లకు అది పగిలి మార్చాల్సి వస్తుంది. ఎత్తు పరిమితి వల్ల వాలు తగ్గించాల్సిన చోట ఒకే ముక్కగా వచ్చే రబ్బరు పొర మేలు, అతుకులు ఉండవు. దానికి 40కి 1 వాటం ఉన్నా నీరు జారుతుంది. అంటే 1.2 మీటర్ల లోతుకు 3 సెంటీమీటర్లు. ముడతల రేకుకు ఇంకా ఎక్కువ వాలు కావాలి.

75 సెంటీమీటర్ల తలుపు తెరవడానికి దాని ముందు అంతే జాగా కావాలి. అది లేకపోతే రెండు రెక్కల తలుపు గానీ, పక్కకు జరిగే తలుపు గానీ పెట్టాలి. గాలి కోసం కింద ఒక రంధ్రం, ఎదుటి గోడ పైన ఒక రంధ్రం ఉంటే బూజు పట్టదు.

చెక్కకు మందు, ఒక భారతీయ ఆవిష్కరణ

నేల తేమకు చెక్క ఏళ్ల తరబడి నిలవడం వెనక తెలుగు ఇంటిపేరున్న ఒక శాస్త్రవేత్త కృషి ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ సమ్మేళనాలతో ఒక సంరక్షక ద్రావణాన్ని రూపొందించారు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదలనూ పురుగులనూ చంపుతుంది, క్రోమియం ఆ రెండిటినీ చెక్కలో పట్టి ఉంచుతుంది. మూసిన తొట్టిలో ఒత్తిడితో దీన్ని చెక్క లోపలికి ఎక్కిస్తారు. కంచె గుంజల నుంచి విద్యుత్ స్తంభాల వరకు ఇది ప్రపంచమంతా వ్యాపించింది. దశాబ్దాల పాటు పెరటి చెక్కపనికి ఇదే ఆధారం.

ఆర్సెనిక్ విషప్రభావం దృష్ట్యా 2003 చివరికల్లా అమెరికాలో ఇళ్ల వాడకం నుంచి దీన్ని చాలావరకు ఉపసంహరించారు. ఐరోపాలో 2004 నుంచి కఠిన పరిమితులు వచ్చాయి. ఇప్పుడు రాగి ప్రధానమైన మందులు వాడుతున్నారు. రాగి ఎక్కువగా ఉన్న చెక్క మామూలు మేకులను తినేస్తుంది కనుక మందంగా జింకు పూత ఉన్నవి గానీ స్టెయిన్‌లెస్ ఉక్కువి గానీ వాడాలి. పాత షెడ్డు విప్పిన చెక్కను పొయ్యిలో కాల్చకూడదు. ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది.

నిబంధనలు

ఇంగ్లండ్‌లో 2015 నాటి ఉత్తర్వు ప్రకారం, ఇంటికి చెందిన షెడ్డుకు కొన్ని హద్దుల లోపల ముందస్తు అనుమతి అక్కరలేదు. షెడ్డు ఒకే అంతస్తు ఉండాలి, ఇంటి ముందు భాగానికి ముందుకు రాకూడదు. చూరు ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. రెండు వాలుల కప్పు మొత్తం ఎత్తు 4 మీటర్ల వరకు, ఇతర కప్పులు 3 మీటర్ల వరకు ఉండవచ్చు. అయితే షెడ్డులో ఏ భాగమైనా హద్దుకు 2 మీటర్ల లోపల ఉంటే మొత్తం ఎత్తు 2.5 మీటర్లకు మించకూడదు. ఇరుకు పెరళ్లలో దాదాపు అన్ని షెడ్లకూ వర్తించేది ఈ చివరి నియమమే. అదనపు కట్టడాలన్నీ కలిపి, మూల గృహం చుట్టూ ఉన్న నేలలో సగాన్ని మించకూడదు.

ఏటవాలు నేల ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. ఎత్తును షెడ్డు పక్కన నేల ఎక్కువ ఎత్తున్న చోటు నుంచి కొలుస్తారు. కానీ నేల నుంచి 30 సెంటీమీటర్లు మించిన అరుగు కడితే అనుమతి కావాలి. చారిత్రక పరిరక్షణ ప్రాంతాల్లో ఇంటి పక్కన కట్టే షెడ్డుకు అనుమతి తప్పనిసరి, కాబట్టి సందులో కట్టేవారు ముందే విచారించుకోవాలి. ఫ్లాట్లకు ఈ మినహాయింపులు లేవు. నిద్రపోయే వసతి లేని, 15 చదరపు మీటర్ల లోపు షెడ్డు నిర్మాణ ప్రమాణాల తనిఖీ పరిధిలోకి సాధారణంగా రాదు.

అమెరికాలో పట్టణానికో నియమం ఉంటుంది. 120 లేదా 200 చదరపు అడుగుల లోపు షెడ్డుకు చాలా చోట్ల నిర్మాణ అనుమతి అక్కరలేదు. అయినా హద్దు నుంచి వదలాల్సిన దూరం వర్తిస్తుంది. కాలనీ సంఘం ఉన్న చోట దాని ఆమోదం వేరుగా తీసుకోవాలి. టెక్సస్, న్యూజెర్సీ శివార్లలో గోంగూర, బీర, సొర పెంచుకునే తెలుగు కుటుంబాలు షెడ్డు తెప్పించుకునే ముందు చూడాల్సింది ఈ సంఘం పత్రాలనే. షెడ్డు రంగు, కప్పు రకం, వీధికి కనిపించకూడదనే షరతు కూడా అందులో ఉండవచ్చు.

తెలుగు ప్రాంతాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెరటి కొట్టాన్ని తాటి దూలాలు, వెదురు వాసాలు, తాటాకు లేదా గడ్డితో వేసేవారు. గుంజలను స్థలాన్ని బట్టి నాటి, చూరును గోడ మీదికి దించే ఆ పద్ధతికి వంకర జాగా ఎన్నడూ సమస్య కాలేదు. ఇప్పుడు ఇనుప గొట్టాలు, జింకు పూత రేకులు వచ్చాయి. పట్టణాల్లో వెల్డింగు షాపు మేస్త్రీ స్వయంగా వచ్చి కొలతలు తీసుకుని, ఆ చోటుకే షెడ్డు చేసి ఇస్తాడు. కోణం తప్పిన స్థలంలోనూ అతను గొట్టాన్ని ఆ కోణానికే కోస్తాడు.

ఇక్కడ చెక్కకు ప్రధాన శత్రువు చెదలు. కాబట్టి ఇనుప చట్రం మేలు. రేకు కింద వేసవి వేడి తీవ్రంగా ఉంటుంది. కప్పు అంచుల కింద గాలి ఆడే ఖాళీ ఉంచితే విత్తనాలు, మందులు పాడవవు. కోస్తాలో తుపాను గాలికి రేకులు లేచిపోకుండా ప్రతి ఆధారం దగ్గరా బోల్టు బిగించాలి, గుంజలను కాంక్రీటులో పాతాలి. వాస్తు పాటించే ఇళ్లలో ఈశాన్యం ఖాళీగా వదిలి, బరువు నైరుతికి చేరుస్తారు. స్థలం ఎంపికను ఇది కూడా నిర్ణయిస్తుంది. పురపాలక నియమాల ప్రకారం ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో శాశ్వత కట్టడం వేస్తే ఉల్లంఘన కావచ్చు. స్థానిక కార్యాలయంలో ముందే అడగడం క్షేమం.

నగరాల్లో మిద్దె తోటలు పెరిగాక షెడ్డు డాబా ఎక్కింది. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తడి మట్టిని 10 సెంటీమీటర్ల మందాన పరిచినా అంత బరువు వస్తుంది. అందుకే మట్టి సంచులను షెడ్డులో గుట్టగా వేయకూడదు. షెడ్డును స్లాబు నడుమ కాక దూలాల మీదుగా, పిట్టగోడ పక్కన ఉంచాలి. బోల్టుల కోసం స్లాబుకు రంధ్రాలు వేస్తే నీరు కారుతుంది, కాబట్టి ఇంజినీరును అడిగి ఇతర మార్గాల్లో బిగించాలి. అపార్ట్‌మెంట్లలో డాబా అందరి ఆస్తి. సంఘం ఒప్పుదల తీసుకోకుండా అక్కడ ఏదీ కట్టరాదు.

కళ, సాహిత్యాల్లో

ఇంటి సందడికి దూరంగా ఒక చిన్న గది ఇచ్చే ఏకాంతం ఎందరో రచయితలను షెడ్డులోకి రప్పించింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని అయోట్ సెయింట్ లారెన్స్‌లో జార్జ్ బెర్నార్డ్ షా తన గుడిసెను తిరిగే పీఠం మీద కట్టించుకున్నారు. ఎండ ఎటుంటే అటు తిప్పుకునేవారు. వేల్స్‌లోని లార్న్‌లో కవి డిలన్ థామస్ రాసుకున్న షెడ్డు, నదీముఖం పైన కొండ అంచున, నిలువు స్తంభాల ఆసరాతో నిలిచి ఉంది. అది మొదట కారు కోసం కట్టినది. అసలు నేలే లేని చోట షెడ్డును ఎలా నిలబెట్టవచ్చో చూపే నమూనా అది. గ్రేట్ మిసెండెన్‌లో రోల్డ్ డాల్ పిల్లల పుస్తకాలు రాసింది కూడా తోటలోని గుడిసెలోనే.

1991లో శిల్పి కార్నేలియా పార్కర్ ఒక తోట షెడ్డును బ్రిటిష్ సైన్యం చేత పేల్పించి, ఆ ముక్కలను ఒక దీపం చుట్టూ వేలాడదీశారు. సైమన్ స్టార్లింగ్ రైన్ నది ఒడ్డున కనిపించిన చెక్క షెడ్డును విప్పి, దాని చెక్కలతోనే పడవ చేసి, మిగిలిన చెక్కలను అందులో వేసుకుని బాసెల్ చేరి, అక్కడి మ్యూజియంలో మళ్లీ షెడ్డుగా నిలబెట్టారు. ఆయనకు 2005లో టర్నర్ బహుమతి వచ్చింది.

నిర్వహణ, విప్పదీత

ఏడాదికోసారి కప్పు మీది ఆకులు తీసి, తూము శుభ్రం చేసి, అడుగు చెక్కలో మెత్తదనం ఉందేమో మొనగల పనిముట్టుతో గుచ్చి చూడాలి. రెండు మూడేళ్లకోసారి మందు పూత వేయాలి. పక్క మొక్కలను గోడకు తగలకుండా కత్తిరించాలి.

ఇరుకు చోట కట్టిన షెడ్డును ఎప్పుడో ఒకప్పుడు తీయాల్సి వస్తుంది. పైపు పగలవచ్చు, ఇల్లు పెంచవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయవచ్చు. గోడలను మేకులతో కాక బోల్టులతో, మరలతో కలిపితే కట్టిన వరసకు తిరగేసి విప్పవచ్చు. అందుకే బోల్టు తలలన్నీ లోపలి వైపు, చేయి అందే చోట ఉండేలా మొదటి రోజే బిగించాలి. కంచె వైపు ఉన్న ఒక్క బోల్టు చాలు, మొత్తం షెడ్డును కోయాల్సిన పరిస్థితి తేవడానికి.